పేరు సరిపోలేదు

ఆసుపత్రి తనిఖీకి వెళ్ళినప్పుడు నేను ముందుగా మేడ ఎక్కేదాన్ని. అక్కడ ఆరేసిన దుప్పట్లు లెక్కపెట్టేదాన్ని. కింద మేనేజరు నవ్వుతూ ఎదురొచ్చి, "ముప్ఫై పడకలు మేడమ్, ఒక్కటీ ఖాళీ ఉండదు" అంటాడు. పైన తీగ మీద ఏడు దుప్పట్లు ఉంటాయి. మిగతావి బయట లాండ్రీకి వెళ్ళాయేమో. అయితే లాండ్రీవాడి చీటీ ఉండాలి కదా, అది చూపించమనేదాన్ని. కొందరు వెంటనే తెచ్చి చూపించేవాళ్ళు. కొందరు కాఫీ తెప్పించేవాళ్ళు.

బెంగళూరులో ఇరవై రెండేళ్ళు ఈ పని చేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. మాది ఇన్సూరెన్స్ కంపెనీలకూ ఆసుపత్రులకూ మధ్య నిలబడే సంస్థ. మీ చేతిలో ఉన్న ఆరోగ్య బీమా కార్డు చూపిస్తే ముందుగా డబ్బు కట్టించుకోకుండా చేర్చుకునే ఆసుపత్రుల జాబితా ఒకటి ఉంటుంది. దాన్ని నెట్‌వర్క్ అంటారు. ఆ జాబితాలోకి ఎవరిని రానివ్వాలో చూడటం నా పని. అది నిజంగా ఆసుపత్రేనా, అక్కడి డాక్టర్లు వాళ్ళు చెప్పుకుంటున్న డాక్టర్లేనా, ఏ చికిత్సకు ఎంత ఇవ్వాలి అన్న మూడు సంగతులు తేల్చాలి. వినడానికి చప్పగా ఉంటుంది. నాకు మాత్రం ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజూ విసుగు పుట్టలేదు. ఇంత మంది ఇళ్ళలోకి, వార్డుల్లోకి, స్టోరు గదుల్లోకి తొంగిచూసి "ఇదేమిటి, అదెందుకు" అని అడగడానికి జీతం ఇచ్చే ఉద్యోగం ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఏం చదవాలి మేడమ్ అని అడుగుతుంటారు. చదవాల్సింది పెద్దగా లేదు. అడగడం తెలియాలి. నాకు అది రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చింది మధ్యలో పోయింది. పోయిన ఆ కొన్నేళ్ళలో జరిగిన నష్టం నాది కాదు, వేరొకరిది. అందుకే ఇది రాస్తున్నాను.

వెనక గేటు

నా మొదటి బాసు నంజుండయ్య గారు. ఆయనది మాలూరు. ఇంట్లో కన్నడ, బజారులో తెలుగు, ఆఫీసులో రెండూ కలిపి మాట్లాడేవారు. నేను బాగేపల్లి నుంచి వచ్చినదాన్నని తెలిశాక నాతో తెలుగే మాట్లాడేవారు.

మొదటి తనిఖీకి వెళ్ళినప్పుడు కారును ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఆపించారు. ఎందుకు సార్ అన్నాను.

"ముందర గేటు కాడ ఏముంటాదమ్మా? పూలకుండీలు. ఎనక పక్క పోదాం పా."

వెనక గేటు దగ్గర ఒక ఆయా బకెట్టు కడుగుతోంది. ఆయన ఆవిడ పక్కన గట్టు మీద కూర్చున్నారు. ఊరేది, పిల్లలెంతమంది, జీతం సమయానికి ఇస్తారా అని అడిగారు. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "ఆపరేషన్ గది మూడో అంతస్తులో ఉండాదంట కదా, స్ట్రెచర్ ఈ లిఫ్టులో పడుతుందా?" అన్నారు.

ఆయా నవ్వింది. "యాడ పడుతుంది సామీ? కుర్చీలో కూచోబెట్టి మెట్ల మీద మోసుకుపోతాము."

లోపల మేనేజరు ఇచ్చిన నలభై పేజీల ఫైలులో ఆ ముక్క లేదు. నేను ఉత్సాహంగా ఆ ఆసుపత్రి పేరు కొట్టేయబోయాను. నంజుండయ్య గారు నా చేతిలోంచి పెన్ను లాక్కున్నారు.

"కొట్టేసేది ఎంత పని? సుమ్నే, ఊరికే ఒక గీత. బాగు చేపిచ్చేది కష్టం."

ఆపరేషన్ గదిని కింది అంతస్తుకు మారిస్తేనే జాబితాలోకి తీసుకుంటామని వాళ్ళకు రాశారు. ఆరు వారాల తర్వాత మళ్ళీ వెనక గేటు నుంచే వెళ్ళాం. గది మారింది. ఆయా మమ్మల్ని చూసి, "మీ పుణ్యాన నా నడుం నిలిచింది" అంది.

ఆయన్ని పొగడటానికే ఇది రాయడం లేదు. ఆయనకు కోపం ఎక్కువ. అందరి ముందూ అరిచేవారు. అంతకంటే పెద్ద లోపం, ఏదీ రాసిపెట్టేవారు కాదు. ఏ ఆసుపత్రి సంగతి ఏమిటో అంతా ఆయన తలలోనే ఉండేది. ఆయన వెళ్ళిపోయిన రోజు అదంతా ఆయనతోనే వెళ్ళిపోయింది.

ఫోను ఎత్తిన ఆవిడ

ఆయన ఇంకా ఉండగానే నేనొక పొరపాటు చేశాను. హూడి వైపు అద్దాల భవనంలో కొత్త ఆసుపత్రి ఒకటి జాబితా కోసం దరఖాస్తు పెట్టింది. అంత అందమైన ఫైలు నేను మళ్ళీ చూడలేదు. ప్రతి డాక్టరుకూ ఒక రంగు చీటీ, డిగ్రీ, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఫొటో అన్నీ వరసగా ఉన్నాయి. రెండు రోజుల్లో ఆమోదించేశాను. మేడ ఎక్కలేదు. వెనక గేటు ఎక్కడుందో కూడా చూడలేదు.

ఏడాదిన్నర తర్వాత రెన్యువల్‌కు ఆ ఫైలు మళ్ళీ నా ముందుకొచ్చింది. అక్కడి ఎముకల డాక్టరు రిజిస్ట్రేషన్ గడువు దాటి ఉంది. ఆసుపత్రికి ఉత్తరం రాయాలి. అలా చేయకుండా, ఎందుకో ఆయన పాత బయోడేటాలో ఉన్న ఇంటి నంబరుకు ఫోన్ చేశాను. ఒక ఆవిడ ఎత్తింది. డాక్టరు గారున్నారా అని అడిగాను.

 "ఆయన పోయి పద్నాలుగు నెలలైందమ్మా. మీరెవరు?" అంది.

ఆ పద్నాలుగు నెలల్లో ఆయన సంతకంతో మోకాళ్ళ ఆపరేషన్ల కాగితాలు మా ఆఫీసుకు వస్తూనే ఉన్నాయి. వాటిని చేసింది అక్కడి ఒక కుర్ర డాక్టరు. డిగ్రీ నిజమే, కానీ ఎముకల స్పెషలిస్టు కాదు. పోయిన మనిషి పేరు మీద బోర్డు నడిపారు. నేను ఉన్నది ఉన్నట్టు ఆవిడకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఆయన పేరుతో ఎవరికీ ఏమీ కాలేదు కదమ్మా?"

లేదండీ అన్నాను. అప్పటికి నాకు తెలియదు. తర్వాత వెతికితే ఒకాయన నడక శాశ్వతంగా కుంటిదైందని తేలింది. ఆ ఆసుపత్రిని జాబితా నుంచి తీసేశాం, కౌన్సిల్‌కు ఫిర్యాదు చేశాం. ఆవిడకు మాత్రం మళ్ళీ ఫోన్ చేయలేదు. చేసి ఉండాల్సింది.

నంజుండయ్య గారు ఆరోజు అరవలేదు. దానికే భయమేసింది. "కాగితాన్ని అడిగినావమ్మా. కాగితం ఏం చెప్పల్లో అదే చెప్పె. మనిషిని అడగలా" అన్నారు.

ఆ మాటలో సగమే నా చెవికెక్కింది. కాగితాన్ని నమ్మకూడదు అన్నంతవరకే విన్నాను. మనిషిని అడగాలి అన్న సగం వదిలేశాను. ఒక పెద్ద చెక్‌లిస్టు తయారుచేశాను. డాక్టరు పేరు అన్ని కాగితాల్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఎక్కడ తేడా వచ్చినా ఆసుపత్రికి క్వెరీ పంపాలి, జవాబు వచ్చేదాకా ఫైలు కదలకూడదు. నంజుండయ్య గారు రిటైరయ్యాక ఆ సీటు నాకొచ్చింది. నా కింద ఆరుగురు ఆ చెక్‌లిస్టుతోనే పనిచేసేవాళ్ళు. దాన్ని చూసుకుని గర్వపడేదాన్ని. బయట తిరగడం తగ్గింది. కుర్చీ అలవాటైంది.

చందాపుర ఫైలు

చందాపుర నుంచి డాక్టర్ మునిరత్నం గారి దరఖాస్తు అలాంటి రోజుల్లో వచ్చింది. ఆయన సర్జన్, ముళబాగిలు మనిషి. ఆనేకల్ వెళ్ళే రోడ్డులో ఇరవై పడకల నర్సింగ్ హోం. అత్తిబెలె, బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళే ఆయన రోగులు. వాళ్ళలో జీతం కాస్త పెరిగి ప్రభుత్వ కార్మిక బీమా ఇఎస్ఐ పరిధి దాటినవాళ్ళకు కంపెనీలు మా కార్డు ఇచ్చేవి. కార్డు ఉంది కానీ దగ్గర్లో అది చెల్లే ఆసుపత్రి లేదు. హోసూరు రోడ్డు ట్రాఫిక్ దాటి బెంగళూరు ఊళ్ళోకి రావాలి.

నా మనుషులు తనిఖీ చేసి అన్నీ సరిగానే ఉన్నాయని రాశారు. ఒక్క డాక్టరు దగ్గర ఆగింది. కాన్పుల డాక్టరు కరుణ గారు. ఒంగోలు నుంచి వచ్చి, పెళ్ళయ్యాక సర్జాపుర రోడ్డులో స్థిరపడ్డారు. ఎంబీబీఎస్ పట్టాలో ఆవిడ పేరు కొండేపి మేరీ కరుణ. ఆంధ్రా కౌన్సిల్‌లో కె. మేరీ కరుణ. కర్ణాటక కౌన్సిల్‌లో కరుణ శామ్యూల్. ఆధార్‌లో మేరీ కరుణ కొండేపి.

మా చెక్‌లిస్టు ప్రకారం వాళ్ళు నలుగురు.

పేరు సరిపోలేదు అని క్వెరీ పంపాం. పెళ్ళి సర్టిఫికెట్ పంపారు. చర్చి ఇచ్చిన ఆ కాగితంలో కె.ఎం. కరుణ అని ఉంది. మళ్ళీ పేరు సరిపోలేదు. నోటరీ చేయించిన అఫిడవిట్ పంపారు. అందులో కొండేపి స్పెల్లింగులో ఒక అక్షరం తేడా. మళ్ళీ పంపాం. ఇలా ఏడు నెలలు గడిచాయి. కాన్పుల డాక్టరు లేకుండా ఆ నర్సింగ్ హోమును తీసుకునే వీలు లేదు. ఫైలు మొత్తం ఆగిపోయింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో నా పేరు బి. వసుంధర. బ్యాంకులో వసుంధర రామచంద్ర. రేషన్ కార్డులో వసుంధరమ్మ. తెలుగువాళ్ళ ఇంటిపేరు ముందుంటుందని, పెళ్ళయితే అది ఒకచోట మారి ఇంకోచోట మారదని నాకంటే ఎవరికి తెలియాలి? తెలుసు కూడా. కానీ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసినదాన్ని పక్కన పెట్టడమే నిజాయితీ అనుకున్నాను.

మునిరత్నం గారు ఒకసారి ఫోన్ చేశారు. "అమ్మా, ఆ యమ్మ పదేండ్లుగా ఈడ కాన్పులు చేస్తా ఉండాది. ఆనేకల్ రోడ్డులో ఎవర్నన్నా అడుగమ్మా, చెప్తారు."

"ఎవర్నో అడిగి ఫైలు పాస్ చెయ్యలేం కదా సార్" అన్నాను.

పదకొండు గంటలకు

నాలుగో క్వెరీ వెళ్ళిన వారానికి కరుణ గారే మా ఆఫీసుకు వచ్చారు. నలభై దాటిన మనిషి, కాటన్ చీర, చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఒరిజినల్స్. కూర్చోమంటే కూర్చోలేదు.

"మూడుసార్లు పంపాను మేడమ్. ఈసారి మా పెళ్ళి ఆల్బమ్ పంపమంటారా?"

రూల్ అందరికీ ఒకటేనండీ అన్నాను. హూడి సంగతి కూడా చెప్పబోయాను. ఆవిడ అప్పుడు కూర్చున్నారు. గొంతు తగ్గించారు.

"మొన్న మంగళవారం పదకొండింటికి ఒక పేషెంట్ వచ్చిందండీ. ఎనిమిదో నెల, బ్లీడింగ్. నాకు తెలిసిన పేషెంటే, చెకప్‌లన్నీ నా దగ్గరే. ఆటో గేటు దగ్గర ఆగింది. వాళ్ళాయన లోపలికొచ్చి, ఈ కార్డు ఇక్కడ తీసుకుంటారా అని రిసెప్షన్‌లో అడిగాడు. ఆ అమ్మాయి, ఇంకా రాలేదండీ అంది. అంతే, ఆటో తిప్పుకుని వెళ్ళిపోయాడు. నేను పై అంతస్తులోనే ఉన్నాను. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే కార్డు గీర్డు ఏమీ చూసేదాన్ని కాదు, లాక్కుని లోపలికి తీసుకెళ్ళేదాన్ని."

తర్వాత ఏమైంది అని అడిగాను.

"సిటీకి చేరేసరికి గంటన్నర. బిడ్డ దక్కింది. ఆవిడ ప్రాణం కాపాడటానికి గర్భసంచి తీసేశారు. ఇరవై నాలుగేళ్ళు ఆ పిల్లకి."

"ఆవిడ పేరేమిటి?" అన్నాను.

కరుణ గారు నా వంక సూటిగా చూశారు. "భాగ్యమ్మ. ఏ స్పెల్లింగుతో రాసుకుంటారు?"

ఆ మాట తర్వాత ఆవిడ కవరు నా బల్ల మీద వదిలేసి వెళ్ళిపోయారు. నేను ఫైలు తెరిచి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. అంతవరకు నేను దాన్ని చదవలేదు. నా కిందివాళ్ళు రాసిన తేడాల పట్టిక మాత్రమే చూశాను. ముప్ఫై రెండో పేజీలో, ఆవిడ ఆంధ్రా నుంచి కర్ణాటకకు రిజిస్ట్రేషన్ మార్చుకున్నప్పుడు ఆంధ్రా కౌన్సిల్ ఇచ్చిన ఉత్తరం ఉంది. "కె. మేరీ కరుణ, పెళ్ళి తర్వాత పేరు కరుణ శామ్యూల్" అని రెండు పేర్లూ ఒకే వాక్యంలో, ఒకే నంబరు కింద ఉన్నాయి. మొదటి రోజు నుంచీ అది ఫైలులోనే ఉంది. మా చెక్‌లిస్టులో ఆ ఉత్తరానికి గడి లేదు. కాబట్టి ఎవరూ చూడలేదు.

రెండు కౌన్సిళ్ళకూ ఫోన్ చేశాను. రెండుచోట్లా కలిపి నలభై నిమిషాలు పట్టింది. ఏడు నెలల పని.

మర్నాడు చందాపుర వెళ్ళాను. కారు దూరంగా ఆపాను. నర్సింగ్ హోం వెనక పక్క ఒక ముసలావిడ మనవరాలికి ఉగ్గు పెడుతోంది. కరుణ డాక్టరు తెలుసా అవ్వా అని అడిగాను.

"తెలియకపోయేదేం తల్లీ? ఈ బిడ్డని తీసింది ఆ యమ్మే. దీనెమ్మ పుట్టినప్పుడు తీసింది ఇంకో డాక్టరు, ఆ యప్ప చచ్చిపోయినాడు. నీకెన్నో నెల?"

నాకప్పుడు యాభై రెండేళ్ళు. అలా ఎన్నాళ్ళకు నవ్వానో. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. లోపల కాన్పుల రిజిస్టరు తీయించి చూశాను. పదేళ్ళ పేజీల్లో ఒకే సంతకం, ఒకే వంకర. మునిరత్నం గారు పక్కన నిలబడి, "చెప్తిని కదమ్మా" అన్నారు.  

సంతకం పెడతానన్న మనిషి

తర్వాతది రేట్ల బేరం. పెద్ద ఆసుపత్రులు బేరానికి వచ్చినప్పుడు నలుగురు వస్తారు. ఒకరు మాట్లాడతారు, ఒకరు ల్యాప్‌టాప్ చూస్తారు, ఇద్దరు మనం ఏ మాటకు తడబడ్డామో గమనిస్తారు. చిన్న డాక్టరు ఒక్కడే వస్తాడు, తొందరగా వెళ్ళిపోవాలంటాడు, కింద పేషెంటు ఉందంటాడు. మునిరత్నం గారు మా రేట్ల పట్టిక తిరగేయకుండానే, "యాడ సంతకం పెట్టల్ల?" అన్నారు.

మామూలుగా అయితే వేలు పెట్టి చూపించేదాన్ని. ఆరోజు నాకొక సందేహం వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా సిజేరియన్‌కు రేటు కడుతున్నాను, కానీ ఒక సిజేరియన్‌కు నిజంగా ఏమేం పడతాయో ఎప్పుడైనా చూశానా? "సార్, ఒక రోజు మీ దగ్గర కూర్చోవచ్చా?" అని అడిగాను. ఆయన నన్ను కాసేపు చూసి, "కూచోమ్మా, కానీ మాకు అడ్డం రావద్దు" అన్నారు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపరేషన్ గది బయట స్టూలు మీద కూర్చున్నాను. పెద్ద నర్సు ఏ వస్తువు లోపలికి తీసుకెళ్ళినా ముందు నాకు చూపించి పేరు చెప్పేది. గ్లవ్స్ ఎన్ని జతలు, కుట్టు దారాలు ఎన్ని రకాలు, రెండు సీసాల రక్తం ఎక్కడి నుంచి తెచ్చి పెట్టుకుంటారు, వాడకపోతే ఏమవుతుంది, అన్నీ అడిగి రాసుకున్నాను. మత్తు డాక్టరు ఎలక్ట్రానిక్ సిటీ నుంచి బైకు మీద వచ్చి, పని అయ్యాక ఇంకో ఆసుపత్రికి పరిగెత్తాడు. పిల్లల డాక్టరు పుట్టిన బిడ్డను చూడటానికే వచ్చి వెళ్ళాడు. పెద్ద ఆసుపత్రిలో వీళ్ళిద్దరూ జీతగాళ్ళు. ఇక్కడ ప్రతి కేసుకూ విడిగా పిలవాలి. మా పట్టిక పెద్ద ఆసుపత్రిని చూసి తయారైంది. చిన్నదానికి అందులోంచి ఇంకా కోత వేస్తాం. కోత ఎక్కడ పడుతుందో ఎవరూ ఆలోచించలేదు.

అప్పటి నా బాసు ప్రవీణ్ గారు. హైదరాబాద్ నుంచి వచ్చారు, నాకంటే పదిహేనేళ్ళు చిన్న. తెలివైన మనిషి, ఎదుటివాళ్ళ మాట పూర్తిగా వింటారు. అందుకే ఆయన దగ్గరికి కాగితం తీసుకెళ్ళాను.

"సైన్ చేస్తానంటున్నాడు కదా వసుంధర గారూ, మనకెందుకు? అసలు మీరు ఏ సైడు?" అన్నారు.

"ఆ రేటుకు ఆయన ఏదో ఒక రోజు మత్తు డాక్టర్‌ని పిలవకుండా తనే సూది వేస్తాడు సార్. లేదా మామూలు కాన్పును సిజేరియన్ అని రాస్తాడు. మంచివాడైతే రెండూ చేయక మూసేసుకుంటాడు. మూడింట్లో మన సైడు ఏది?"

ఆయన కాగితం మళ్ళీ మొదట్నుంచి చదివారు. గెలిచానని చెప్పను. సిజేరియన్ రేటు పెంచారు, పిల్లల డాక్టరు ఫీజు విడిగా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. హెర్నియా, అపెండిసైటిస్ రేట్లు పాతవే ఉన్నాయి. అవి చాలవని నాకిప్పటికీ అనిపిస్తుంది. మునిరత్నం గారి వైపు నుంచి రక్తం నిలవకు ఒక బ్లడ్ బ్యాంకుతో ఒప్పందం రాయించుకున్నాం. ఈసారి ఆయన పట్టిక మొత్తం చదివి సంతకం పెట్టారు. చదివించింది నేనే.

కొత్తవాళ్ళకు ఒక మాట. బేరంలో ఎదుటివాడు వెంటనే ఒప్పుకుంటే సంతోషపడకండి. ఎందుకు ఒప్పుకున్నాడో కనుక్కోండి. రేటులో ఏమేం చేరాయో అందరూ చెబుతారు, ఏమేం చేరలేదో అడిగి రాయించుకోండి.

ఆఫీసులో నా చెక్‌లిస్టును నేను చింపేయలేదు. చింపడం తేలిక. ఒక గడి చేర్చాను. పేరులో తేడా ఉంటే క్వెరీ పంపే ముందు ఆ డాక్టరుకు, రెండు కౌన్సిళ్ళకు మీరే ఫోన్ చేయండి, అప్పటికీ తేలకపోతే వెళ్ళి చూడండి అని. ఆ నెలలోనే ఆగిపోయి ఉన్న పద్దెనిమిది ఫైళ్ళు కదిలాయి. వాటిలో రెండు నిజంగానే దొంగ పత్రాలు. అవీ ఫోన్ చేస్తేనే బయటపడ్డాయి.

భాగ్యమ్మ అడిగింది

నేను మళ్ళీ చందాపుర వెళ్ళింది రెండున్నరేళ్ళ తర్వాత, ఏటేటా మావాళ్ళు చేసే తనిఖీకి ఈసారి నేనే బయల్దేరి. నర్సింగ్ హోం గోడకు కొత్త రంగు వేశారు. ఓపీలో నలభై మంది దాకా ఉన్నారు. నేను రిజిస్టర్లు చూసుకుని బయటికొస్తుంటే నర్సు తలుపు దగ్గర నుంచి, "భాగ్యమ్మా, మీ చెల్లెల్ని తీసుకొని రా" అని పిలిచింది.

ఆ పేరు ఉన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల వందమంది ఉంటారు. అయినా ఆగాను. బెంచీ మీద నుంచి లేచినావిడ సన్నగా, పొడుగ్గా ఉంది. ఆవిడ కొంగు పట్టుకుని ఒక చిన్నపిల్ల. పక్కన నిండు చూలాలు. నేను కరుణ గారి గది వైపు చూశాను. ఆవిడ తలుపులోనే నిలబడి ఉన్నారు. తల ఊపారు.

చెల్లెలు లోపలికి వెళ్ళింది. భాగ్యమ్మ నా మెడలో ఉన్న ఆఫీసు బిళ్ళ చూసింది.

"మేడమ్, మీరు కార్డు ఆఫీసోల్లా?"

అవునన్నాను.

"ఒక మాట అడగల్ల. ఆ పొద్దు మా కార్డు ఈడ చెల్లదని అన్న్యారు. ఇప్పుడు మా చెల్లెలికి చెల్లుతుందంట. ఆస్పత్రి అదే, డాక్టరమ్మా ఆ యమ్మే. అప్పుడు ఎందుకు చెల్లలే? మాయాయన ఫ్యాక్టరీలో అడిగితే ఎవురూ చెప్పలే. సిటీ ఆస్పత్రిలో అడిగితే మాకేం తెలుసు అన్న్యారు. మూడేండ్లుగా అడగల్లనుకుంటా ఉండాను."

చెప్పడానికి నా దగ్గర చాలా జవాబులున్నాయి. అప్పటికి ఒప్పందం పూర్తి కాలేదమ్మా అనొచ్చు. రూల్స్ అలా ఉండేవి అనొచ్చు. రెండూ అబద్ధాలు కావు. ఉద్యోగంలో అంతవరకు అలాంటివి వందలసార్లు చెప్పాను. బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చున్నాను.

"డాక్టరమ్మ పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉందమ్మా. ఆవిడా ఈవిడా ఒకరేనా అని నాకు అనుమానం వచ్చింది. వచ్చి అడిగి ఉంటే ఒక్క పూటలో తెలిసేది. నేను రాలేదు. ఏడు నెలలు కాగితాలు పంపమని రాస్తూ కూర్చున్నాను. ఆ ఏడు నెలల్లోనే నువ్వు వచ్చావు. తప్పు నాది."

"పేరుకా?" అంది.

"పేరుకే."

 కూతురు నేల మీద కూర్చుని చెప్పు విప్పి ఆడుకుంటోంది. భాగ్యమ్మ వంగి ఆ చెప్పు మళ్ళీ తొడిగింది, బకిలు పెట్టింది, కొంగుతో దాని మూతి తుడిచింది. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నిండాయి కానీ జారలేదు. సంచీలో చెయ్యి పెట్టి ఒక చిన్న పర్సు తీసింది. అందులోంచి చెల్లెలి బీమా కార్డు, ఆధార్ కార్డు తీసి రెండూ నా ఒళ్ళో పెట్టింది.

"దీని పేరు సరింగా ఉండాదా, లేదా? ఇప్పుడే సూడండి."

కళ్ళద్దాలు పెట్టుకుని రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చదివాను. సుజాత. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకదాంట్లో హెచ్ ఉంది, ఒకదాంట్లో లేదు. భాగ్యమ్మకు చెప్పాను. ఆవిడ చెయ్యి కూతురి భుజం మీద బిగుసుకుంది.

అక్కడే కూర్చుని ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తినవాడు మా సెక్షన్‌లో కొత్తగా చేరిన ఆఫీసరు. విషయం చెప్పాను.

"చిన్న కరెక్షనే మేడమ్. వాళ్ళ కంపెనీ నుంచి ఒక మెయిల్ పెట్టమనండి, వారంలో అయిపోతుంది" అన్నాడు.

"వారం లేదు. ఫ్యాక్టరీ హెచ్ఆర్ వాళ్ళను ఈ కాల్‌లోనే కలుపు. సరిచేసింది తెరమీద కనిపించేదాకా నేను లైనులోనే ఉంటాను" అన్నాను.

భాగ్యమ్మ కాస్త జరిగి, ఫోను తనకు కూడా వినపడేంత దగ్గరగా కూర్చుంది.